పటం వెనుక అద్దం ముక్క

భూమి కదిలిన రోజు పొద్దున నేను చేసిన మొదటి పని పై వాటా ఆమె మీద అరవడం. ఏడున్నర కావస్తోంది. పొయ్యి మీద ఉప్మా ఉంది. గూట్లో స్టీలు గిన్నెలు గలగలమన్నాయి, బోర్లించిన గ్లాసులు ఒకదానికొకటి తాకాయి, కాళ్ల కింద నేల సన్నగా వణికింది. పై వాటావాళ్లు కొత్తగా గ్రైండరు కొన్నారు. కింద గోనెసంచి వేసుకుని తిప్పుకోమని అప్పటికే మూడుసార్లు చెప్పి ఉన్నాను. చేతిలో గరిటెతోనే మెట్ల దగ్గరికి వెళ్లి, ఇల్లు కూలేదాకా ఆపరా ఆ రుబ్బుడు అని కేక పెట్టాను. ఆమె చంకన పిల్లనేసుకుని అప్పటికే సగం మెట్లు దిగి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నేను గ్రైండరే పెట్టలేదక్కా. భూమి ఊగింది," అన్నది.

నేను సోషల్ టీచర్ని. మట్టెవాడలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా అదే పాఠం చెబుతున్నాను. భూమి పైపొర పలకలు పలకలుగా ఉంటుందని, ఆ పలకలు కదులుతాయని, కదిలినప్పుడు భూకంపాలు వస్తాయని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. అలాంటిది నా కాళ్ల కిందికి భూకంపం వస్తే గ్రైండరు అనుకున్నాను. వాడకట్టంతా రోడ్డు మీదికొచ్చి నిలబడింది. ములుగు వైపు అడవుల్లో వచ్చిందట, ఇక్కడిదాకా తెలిసిందట అని ఫోన్లలో చూసి చెప్పుకున్నారు. ఎవరో నన్ను చూసి, నువ్వు టీచరువి గదా, మల్ల వస్తదా అని అడిగారు. నాకు ఒళ్లు మండింది. ఉప్మా మాడుతోందని చెప్పి లోపలికి వచ్చేశాను. అది నిజంగానే మాడింది.

ఆ కోపం ఎవరి మీదో అప్పుడు తెలియలేదు, బడికి వెళ్లాక తెలిసింది. ఎనిమిదో తరగతిలో నేను హాజరు తీయకముందే గోడ వైపు మొదటి బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. సన్నగా ఉంటుంది, రెండు జడలు, గొంతు మెల్లన. వాళ్ల నాన్నకు మా సందు మలుపులోనే ఫోటో ఫ్రేముల దుకాణం ఉంది. సాయంత్రాలు ఆ పిల్ల కూడా అక్కడే కూర్చుని అద్దాలు తుడుస్తూ ఉంటుంది.

"మేడం, మనకు భూకంపం రాదన్నరు గద," అన్నది.

క్లాసంతా గొల్లున నవ్వింది. కూర్చో, ముందు హోంవర్క్ చూపించు అని కసిరాను. కూర్చుంది. కానీ ఆ పిల్ల అన్నది అక్షరాలా నిజం. ప్రతి ఏడూ చెప్పాను. మన ఊరు బండ మీద కూర్చుంది, దక్కన్ పీఠభూమి గట్టిది, మనకు భూకంపాలు రావు అని. పుస్తకంలో అలా లేదు. అవకాశం తక్కువ అని ఉంది. తక్కువ అంటే పిల్లలు మళ్లీ ప్రశ్నలు వేస్తారు, రావు అంటే రాసుకుంటారు. నాకు ప్రశ్నలంటే చిరాకు. అందుకని రెండు దశాబ్దాల పాటు పుస్తకం మాటను నా సౌకర్యం కోసం మార్చేశాను. ఊరి చుట్టూ ఎటు చూసినా బండలే కనిపిస్తుంటే ఎవరు మాత్రం కాదంటారు?

మర్నాడు స్టేజీ గదిలోంచి రెండు పాత జంపఖానాలు తీసుకుని క్లాసుకు వెళ్లాను. మా వరంగల్ పిల్లలకు జంపఖానా గురించి చెప్పక్కర్లేదు, సగం మంది ఇళ్లలో అవే పరుచుకుని పడుకుంటారు. బెంచీలు జరిపించి, రెండింటినీ నేల మీద అంచుకు అంచు తగిలేలా పరిచాను. ఒకటి మన పలక, ఒకటి ఉత్తరాన ఉన్న ఆసియా పలక అన్నాను. ఇద్దరు పిల్లల్ని మన పలకను నెట్టమన్నాను. అంచులు కలిసినచోట బట్ట మడతలు పడి పైకి లేచింది. అవే హిమాలయాలు అన్నాను. మన పలక ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ కోట్ల ఏళ్లుగా అలా నెడుతూనే ఉంది, ఇప్పటికీ ఆ మడత లేస్తూనే ఉంది అని చెప్పాను. తర్వాత రెండింటినీ దూరంగా లాగించాను. నడుమ నేల బయటపడింది. సముద్రం అడుగున పలకలు ఇలా ఎడమైన చోట కింది నుంచి కరిగిన రాయి ఉబికి వచ్చి కొత్త నేల అవుతుంది. ఇంకోసారి ఒకదాని పక్క నుంచి ఒకటి రాసుకుంటూ జరిగేలా లాగించాను. పోగులు ఒకదానికొకటి చిక్కుకుని కాసేపు కదల్లేదు, ఆ తర్వాత ఒక్కసారిగా జర్రున జారాయి. ఆ జారడమే భూకంపం అన్నాను. మూడు రకాలూ అయిపోయాయి. చెయ్యి దులుపుకుని లేవబోయాను.

ఫ్రేముల దుకాణం పిల్ల మళ్లీ లేచింది. "అంచులు హిమాలయాల కాడ ఉన్నయి గద మేడం. మరి మన కాడ ఎందుకు ఊగింది?"

ఈసారి కసరలేదు. ముందు రోజు రాత్రి దాకా ఆ ప్రశ్నకు నాకూ జవాబు తెలియదు, కూర్చుని చదువుకుని వచ్చాను. మన జంపఖానాకు నడుమ ఒక పాత చిరుగు ఉంది, ఎవరో నల్లదారంతో కుట్టారు. దాన్ని పిల్లలకు చూపించాను. చాలా చాలా కాలం కిందట మన నేల రెండుగా చీలబోయి, సగంలో ఆగిపోయింది. ఆ చీలిక పొడుగునే ఇవాళ గోదావరి పారుతోంది. చీలిక మానిందే కానీ అతుకు అతుకే. ఇప్పుడు నెట్టండి, అన్నాను. నలుగురు కలిసి ఒక అంచు పట్టుకుని బలంగా నెట్టారు. ముడత అంచున లేవాల్సింది పోయి నడుమ గుంజుకుంది, పాత కుట్టు పటపటమని పిగిలింది. ఎక్కడో అంచున పడిన ఒత్తిడి నడుమనున్న బలహీనమైన చోట తేలుతుంది, అందుకే మనకూ వస్తుంది, రాదని నేను చెప్పింది తప్పు అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. తప్పు ఒప్పుకున్నందుకో, బడి జంపఖానా చిరిగినందుకో తెలియదు.

జంపఖానా చుట్టడానికి వంగినప్పుడు చూశాను, గోడను.

మా బడి ఒకప్పుడు ఎవరో షావుకారి ఇల్లు. కింది గోడలు పాతవి, మట్టీ సున్నంతో కట్టినవి. పైన మాత్రం తర్వాత ఎప్పుడో స్లాబు వేసి రెండు గదులు లేపారు. ఎనిమిదో తరగతి గదిలో కిటికీ పై మూల నుంచి ఏటవాలుగా బెంచీ ఎత్తు దాకా గోడ నెర్రె విచ్చింది. పెన్సిలు పెడితే లోపలికి పోయింది. కింద నేల మీద తెల్లటి పొడి రాలి ఉంది. ఆ గోడను ఆనుకుని ఐదు బెంచీలు, పది మంది పిల్లలు. వాళ్ల నెత్తి మీద స్లాబు.

కరస్పాండెంట్ దగ్గరికి వెళ్లాను. బడి ఆయనదే. చెడ్డవాడు అని ఒక్క ముక్కలో అనేయడానికి వీల్లేని మనిషి. పిల్లలకు జ్వరమొస్తే తన బండి మీద దవాఖానకు తీసుకెళ్లడం నేను చూశాను. కానీ బడికి పేరు పోతుందంటే ఆయనకు ఇంకేదీ కనబడదు. అది పాత నెర్రె మేడం, మీరు ఇయ్యాల చూసిన్రు అంతే అన్నాడు. పాతదైతే పొడి ఇవాళ ఎందుకు రాలింది సార్ అన్నాను. గొంతు పెరిగింది. చివరికి, బాత్రూముల పని మీద వచ్చిన మేస్త్రికి చూపిద్దాం అన్నాడు.

ఆ మేస్త్రిది రఘునాథపల్లి. ముసలివాడు, చేయి తిరిగినవాడు. గోడ మీద అరచేయి ఆనించి, అటూ ఇటూ వేళ్లతో తట్టి చూశాడు. తర్వాత సంచీలోంచి పగిలిన అద్దం ముక్క ఒకటి తీశాడు, ముఖం చూసుకునే అద్దమే. దాన్ని పొడుగ్గా సన్నని పట్టీలా విరిచి, నెర్రెకు అడ్డంగా పెట్టి, రెండు కొసలా సిమెంటు ముద్దలతో అతికించాడు. ఆ పచ్చి సిమెంటు మీద మేకుతో తారీఖు గీశాడు.

"అద్దం వంగది టీచరమ్మా, గోడ ఎంట్రుకంత జరిగినా పగులుతది. పదిహేను దినాలు చూడు. పగల్లేదంటే గోడ నిలబడ్డట్టు. పగిలిందంటే ఇంక నడుస్తాందన్నట్టు, పిల్లల్ని కూసోవెట్టకు."

అంత చిన్న ముక్క అంత పెద్ద గోడకు కాపలా కాయడం నాకు నచ్చింది. ఈ పదిహేను రోజులూ బెంచీలు జరుపుదామన్నాను. గది ఇరుకు, జరిపితే తలుపు తెరుచుకోదు అన్నాడు కరస్పాండెంట్. అద్దం ఉంది కదా, అదే చెబుతుంది కదా అన్నాడు. నేను సరే అన్నాను. ఇవాళ తలచుకుంటే ఆ సరే మీద నాకు ఉన్నంత కోపం ఆయన మీద కూడా లేదు. తలుపు తెరుచుకోకపోతే తలుపు పీకేయమని అనాల్సింది.

రెండో రోజు ఆయనే క్లాసుకు వచ్చాడు. వచ్చేవారం పేరెంట్స్ మీటింగు ఉంది, అద్దం ముక్క చూస్తే లేనిపోని భయాలు పుడతాయి అన్నాడు. ఆ మధ్య సెలవుల్లో మీరు బట్ట మీద వేసిన ప్రపంచ పటం ఉంది కదా మేడం, రంగురంగుల పలకలది, ఎంత బాగుంటుందో, దాన్ని స్టాఫ్ రూములో మూలన పెట్టారేంది, ఇక్కడ కడితే పిల్లలకు పనికొస్తది అన్నాడు. ఆ పటం వేయడానికి నాకు ఎండకాలమంతా పట్టింది. ఒక్కో పలకకు ఒక్కో రంగు, అంచుల వెంట ఎటు జరుగుతోందో చూపే బాణాలు. ఎవరూ దాన్ని మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆయన మెచ్చుకున్నాడు, నేను ఉబ్బిపోయాను. ఒక తాడు కిటికీ ఊచకు, ఒక తాడు అలమారకు కట్టి, నా చేతులతో నేనే ఆ నెర్రె మీద పటం వేలాడదీశాను. ఉపాయం ఆయనది కావచ్చు, ముడులు మాత్రం నేనే వేశాను.

అప్పటి నుంచి రోజూ ప్రేయర్ అయ్యాక పటం కొస ఎత్తి అద్దం చూసేదాన్ని. బట్ట వెనుక చీకటిగా ఉండేది. మొదట్లో అందులో నా కన్ను, పక్కన చెవి కమ్మ కనిపించేవి. చూసి, పిల్లల వైపు తిరిగి, పగల్లేదు అని గట్టిగా చెప్పేదాన్ని. గోడ బెంచీలవాళ్లు తలలూపేవారు. మీటింగుకు వచ్చిన తల్లిదండ్రులు పటాన్ని మెచ్చుకున్నారు. ఒకాయన దాని ముందు కూతుర్ని నిలబెట్టి ఫోటో కూడా తీసుకున్నాడు. నేను పక్కనే నిలబడి నవ్వాను.

పదిహేనో రోజు వచ్చింది. దాన్నే పాఠంగా చేద్దామనుకున్నాను. పటం విప్పి కింద పెట్టించి, పిల్లలందరినీ గోడ దగ్గరికి పిలిచాను. భూమి లోపల ఏం జరుగుతోందో మనం చూడలేం, ఇదిగో ఇలాంటి గుర్తులు పెట్టుకుని తెలుసుకుంటాం, ఈ అద్దం పదిహేను రోజులు పగల్లేదు, అంటే గోడ నిలబడింది, దీన్నే రుజువు అంటారు అని చెబుతున్నాను. గొంతులో గర్వం కూడా ఉండి ఉంటుంది. ఫ్రేముల దుకాణం పిల్ల చెయ్యి ఎత్తింది. ఎత్తి, మళ్లీ దించబోయింది. ఏందో చెప్పు అన్నాను విసుగ్గా.

"అది మేస్త్రి పెట్టింది కాదు మేడం. మేస్త్రి పెట్టింది ముఖం కనవడే అద్దం, ఎనుక ఎర్రరంగు ఉండె. ఇది ఉత్త ఫోటోఫ్రేము గ్లాసు. మా దుకాణంల నుంచే తీస్కపోయిన్రు."

తిరిగి చూశాను. నా ముఖం అందులో లేదు. అద్దం గుండా వెనుక సున్నం, దాని నడుమ నల్లగా నెర్రె కనిపిస్తున్నాయి. సిమెంటు ముద్దలు కొత్తవి. మేకుతో గీసిన తారీఖు లేదు. ఎన్ని రోజులుగా నా కన్ను అందులో కనబడటం మానేసిందో నేను గమనించనే లేదు. పగిలిందా లేదా అని మాత్రమే చూశాను, ఏది పగల్లేదో చూడలేదు. కిటికీ మూల దగ్గర నెర్రెలో పెన్సిలు పెడితే దాని వెంట ఈసారి వేలు కూడా పోయింది.

సంచులు సర్దుకుని వరండాలోకి నడవమన్నాను. ఎందుకు మేడం అని ఎవరూ అడగలేదు. నా గొంతు అలా ఉంది. ఆఖరి పిల్ల బయటికొచ్చాక తలుపు మూసి, ఆ గొంతుతోనే ఆఫీసు గదిలోకి వెళ్లాను. ఎవరు మార్చారు అని అడిగాను. ఆయన బుకాయించలేదు, అది ఇంకా మండించింది.

"ఐదో నాడే పగిలింది మేడం. పగిలినప్పుడల్లా నేనే మార్పిచ్చిన. ఏం జెయ్యాలె? చదువుల సాలు నడుమ పిల్లల్ని ఏడ కూసోవెట్టాలె? ఎండకాలం సెలవులల్ల గోడ కొట్టిచ్చి కట్టిద్దామనుకున్న. గోడ అప్పటిదాక ఆగుతది, ఫికర్ చెయ్యకున్రి."

"ఆగుతదంటే మీ కుర్చీ ఆ గోడ పక్కకు ఏస్కోన్రి సార్. సెలవులదాక అక్కడ్నే కూసోన్రి."

నేను ఇంకా చాలా అన్నాను. మీ మనవడు ఆ బెంచీలో ఉంటే ఇదే అందురా అన్నాను. పది మంది తల్లిదండ్రులకు నేనే ఫోన్ చేస్తానని, ఉద్యోగం తీసేస్తే తీసేసుకొమ్మని అన్నాను. మొత్తం స్టాఫ్ కిటికీల దగ్గర నిలబడి విన్నారు. ఆయన చివరికి సొరుగు తెరిచి ఆ గది తాళం నా ముందు పెట్టాడు. గదికి నేనే తాళం వేశాను. ఫోన్లూ చేశాను. ఉద్యోగం మాత్రం పోలేదు, నన్ను తీసేస్తే ఊరంతా తెలుస్తుందని ఆయనకు తెలుసు.

నాలుగు రోజుల తర్వాత మేస్త్రి వచ్చాడు. స్లాబు కింద గుంజలు పెట్టి, గోడ మీద పైపూత చెక్కుదామని గునపం ఆనించాడు. రెండో పోటుకే కిటికీ పైనున్న భాగమంతా పెళ్లలు పెళ్లలుగా విడిపోయి మొదటి బెంచీ మీద పడింది. బెంచీ కాలు విరిగింది. మేస్త్రి దుమ్ములోంచి బయటికొచ్చి, నోటికి కట్టుకున్న తువ్వాలు విప్పి, అద్దం నేను చెప్పినట్టు చూడలేదా టీచరమ్మా అని అడిగాడు. చూశాను అన్నాను.

ఆ సాయంత్రం ఫ్రేముల దుకాణానికి వెళ్లాను. వాళ్ల నాన్న లేడు, టీ తాగడానికి వెళ్లాడు. ఆ పిల్ల ఒక్కతే కూర్చుని అద్దం అంచులు కాగితంతో రుద్దుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. విరిగిన బెంచీ నా కళ్లలోనే ఉంది, అది ఆ పిల్ల బెంచీ. భయం నాకు ఎప్పుడూ కోపంలాగే బయటికొస్తుంది. మీ దుకాణంలో గాజు కొన్నారని నీకు తెలుసు, అద్దం మారిందని తెలుసు, పది రోజులు నోరు మూసుకుని ఎట్లా కూర్చున్నావు, తలకాయ ఉందా నీకు, నాకు చెప్పాలని తెలియదా అని దుకాణం ముందే నిలబడి తిట్టాను. పక్క దుకాణాలవాళ్లు తలలు బయటికి పెట్టారు. పిల్ల తల వంచుకునే విన్నది. నేను ఆపాక, నేల చూస్తూ మెల్లగా చెప్పింది.

"మీరు రోజు పటం లేపి చూస్తాన్రు గద మేడం. మీకు తెలిసే పగల్లేదని చెప్తాన్రు అనుకున్న."

నేను కూడా అందులో ఉన్నాననుకుంది. సార్ మార్చాడు, మేడం దాచింది, పెద్దవాళ్లిద్దరికీ తెలుసు అనుకుంది. అలా అనుకోవడానికి ఆ పిల్లకు అన్ని కారణాలూ ఉన్నాయి, రావని నేను చెప్పిన భూకంపాల నుంచి మొదలుపెట్టి. నేను అబద్ధం చెబుతున్నానని నమ్ముతూనే పది రోజులు ఆ గోడ పక్కన కూర్చుంది. రోజూ నేను క్లాసులోకి రాగానే అందరికంటే ముందు లేచి నిలబడి గుడ్ మార్నింగ్ మేడం అన్నది.